అడ్వెంట్ ఆదివారాలా, సెమీ క్రిస్మసా? హైదరాబాదులో మీ లూథరన్ సంఘం ఎలా చేస్తోంది?

మల్కాజిగిరి_వాసి

అందరికీ వందనాలు. ఇక్కడ లూథరన్ సంఘాలవాళ్లు చాలామందే ఉన్నారని తెలుసు కాబట్టి అడుగుతున్నాను. మాది మల్కాజిగిరి వైపు ఓ చిన్న సంఘం. గుంటూరు, తెనాలి, రేపల్లె, రాజమండ్రి నుంచి రైల్వే ఉద్యోగాలకనో, టీచర్లుగానో, నర్సులుగానో వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్న పెద్దవాళ్లు, ఇక్కడే పుట్టిపెరిగి ఇప్పుడు హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తున్న వాళ్ల పిల్లలు, మా సంఘమంటే వీళ్లే. నేను ఈ ఏడాదే సంఘ కమిటీలోకి వచ్చాను.

విషయం ఏంటంటే, ఈసారి అడ్వెంట్ (క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల సిద్ధపాటు కాలం) మొదటి ఆదివారం నవంబరు 30న వస్తోంది. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు నాలుగు ఆదివారాలూ పద్ధతిగా జరపాలంటున్నారు. ప్రభు భోజనపు బల్ల మీద ఊదా వస్త్రం, కొవ్వొత్తుల చక్రం, వారానికో కొవ్వొత్తి వెలిగించడం, ఆ వారం పాఠాలకు తగ్గ కీర్తనలు. క్రిస్మస్ పాటలు మాత్రం 24 సాయంత్రం ఆరాధన దాకా గుడిలో వద్దన్నారు. యూత్ వాళ్లేమో డిసెంబరు 6 శనివారం సెమీ క్రిస్మస్ (పండగకు ముందే పాటలు, స్కిట్లు, కేక్‌తో చేసుకునే వేడుక) అని ఎప్పుడో అనుకున్నారు, టెంటు హౌస్‌కి అడ్వాన్సు కూడా ఇచ్చేశారు, పిల్లల చేత స్కిట్టు ప్రాక్టీసు మొదలైపోయింది.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటే మాటా మాటా పెరిగింది. యూత్ తరఫున ఓ అమ్మాయి లేచి, "మా వీధిలో మిగతా చర్చిలన్నీ ఒకటో తారీఖు నుంచే లైట్లు పెట్టి పాటలు పాడుతుంటే మనదొక్కటే చీకటిగా ఉంటే నా ఫ్రెండ్స్‌ని ఏమని పిలవను?" అంది. ఓ పెద్దాయన, "డిసెంబరంతా పండగే చేసేస్తే ఇరవై ఐదున గుళ్లోకి ఎందుకు రావాలమ్మా?" అన్నారు. ఇంకొకాయన ఆ చక్రం ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్ల పద్ధతి కదా, మనకెందుకు అన్నారు. అయ్యగారు అందరి మాటా విని, వారం ఆలోచించుకుని రండి అని ప్రార్థన చేసి పంపేశారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మా వాళ్లలో సగం మంది 22, 23 తారీఖుల్లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్సో, బస్సో ఎక్కి ఊళ్లకు వెళ్లిపోతారు. అమ్మానాన్నలు అక్కడే ఉన్నారు, కాదనలేం. కాబట్టి 25న మా గుడి సగం ఖాళీ. మనందరం కలిసి క్రిస్మస్ చేసుకునేది సెమీ క్రిస్మస్‌కే కదా అని యూత్ అంటున్న మాటలోనూ నిజం ఉంది.

మీ సంఘాల్లో ఎలా నడిపిస్తున్నారు? ఒకటి ఉంచితే ఇంకొకటి తీసేయాల్సిందేనా? అయ్యగారి మాటకు విలువ ఇవ్వాలి, పిల్లల ఉత్సాహమూ చల్లారకూడదు. నాకైతే టెన్షన్‌గానే ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రిటైర్డ్_మాస్టారు

బాబూ, వందనాలు. ముందు ఆ చక్రం సంగతి చెప్తాను, ఎందుకంటే అది ఆర్‌సీఎం వాళ్ల దగ్గర్నుంచి మనకు వచ్చింది కాదు. హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిక్ విఖర్న్ అనే లూథరన్ దైవసేవకుడు దిక్కులేని పిల్లలకోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుంది, ఇంకా ఎన్నాళ్లుంది అని పిల్లలు రోజూ అడుగుతుంటే 1839లో ఒక పాత బండి చక్రం తెచ్చి దాని మీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. మామూలు రోజులకు చిన్న ఎర్రవి ఇరవై, ఆదివారాలకు పెద్ద తెల్లవి నాలుగు. రోజుకొకటి వెలిగించి పిల్లల చేత పాడించేవాడు. మిగతా సంఘాలు దాన్ని తీసుకున్నది ఆ తర్వాతే. మీ కమిటీలో ఆ పెద్దమనిషికి ఈ మాట నెమ్మదిగా చెప్పు, కాదనరు.

ఇక ఆగమన కాలం, అంటే అడ్వెంట్ గురించి. సంఘ సంవత్సరం మొదలయ్యేదే అక్కడ, జనవరి ఒకటిన కాదు. మొదటి ఆదివారం నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య ఎప్పుడైనా పడుతుంది కాబట్టి ఒక్కో ఏడు ఈ కాలం పొడుగ్గా ఉంటుంది, ఒక్కో ఏడు పొట్టిగా ఉంటుంది. 2023లో నాలుగో ఆదివారం సరిగ్గా డిసెంబరు 24నే వచ్చింది, పొద్దున బల్ల మీద ఆగమన కాలపు ఊదా, సాయంత్రానికి క్రిస్మస్ తెలుపు. ఈసారి 30న మొదలవుతోంది కాబట్టి నాలుగో ఆదివారం తర్వాత ఇంకో మూడు రోజులు దొరుకుతాయి.

ఇది అమెరికావాళ్లు నేర్పిన పద్ధతి, మనది కాదు అనేవాళ్లూ ఉంటారు. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యరు దొరగారు 1842 జూలై 31న గుంటూరు చేరిన దగ్గర్నుంచీ, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడే దాకా, ఆ తర్వాతా ఈ క్యాలెండరు మన చేతుల్లోనే ఉంది. దాన్ని మన పల్లెలు తమదిగా చేసుకున్నాయి. నేను పుట్టిన పల్లెలో డిసెంబరు వచ్చిందంటే ఇళ్లకు సున్నం కొట్టడం, అరుగులు అలకడం, అరిసెలకు బియ్యం చూసుకోవడం, సాయంత్రాలు గుళ్లో భజన పాటలు నేర్చుకోవడం. 24 రాత్రి పేటంతా తిరిగి తెల్లవార్లూ పాడి, అటునుంచటే వేకువ ఆరాధనకు వెళ్లేవాళ్లం. అప్పటిదాకా జరిగిందంతా సిద్ధపాటే. ఎవరూ ఊదా గుడ్డ కట్టలేదు కానీ ఆగమన కాలాన్ని ఒళ్లు వంచి జరిపారు.

నేను అసలు చెప్పదలచుకున్నది ఇంకొకటి. మన సంఘాల్లో ఆ ఏడాది ఇంట్లో చావు జరిగితే "ఈ ఏడు మాకు పండగ లేదండీ" అంటారు, నీకు తెలుసు. స్టారు కట్టరు, పిండివంటలు చేయరు, కొత్త బట్టలు తీసుకోరు. నవంబరు ఆఖరునుంచే గుళ్లో డ్రమ్సు, లైట్లు, డాన్సులు మొదలైతే ఆ ఇంటివాళ్లు మెల్లగా రావడం మానేస్తారు. వాళ్లను ఎవరూ రావద్దనలేదు. కూర్చోలేక మానేస్తారు, అంతే. ఉద్యోగం పోయినవాడు, కూతురు కాపురం చెదిరిన తల్లి, ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని ఆదివారం గంటసేపు పరుగెత్తుకొచ్చినవాళ్లు, వీళ్లంతా అంతే. ఈ ఏడాది మత్తయి సువార్త పాఠాలు నడుస్తున్నాయి కదా, మూడో ఆదివారానికి 11వ అధ్యాయం వస్తుంది. బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలలో ఉండి, రావలసినవాడవు నీవేనా, మేము ఇంకొకరి కోసం చూడాలా అని శిష్యుల చేత యేసును అడిగిస్తాడు. యొర్దానులో నిలబడి వేలమందికి బోధించిన మనిషి గోడల మధ్య నుంచి అడుగుతున్న ప్రశ్న అది. ఆ పాఠం చదివిన రోజు మా సంఘంలో ఆ మధ్యే భర్తను పోగొట్టుకున్న ఒకామె ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గరికి వచ్చి, "నా ప్రశ్న కూడా ఇదేనండి" అంది. డిసెంబరులో ఆ మనిషికి గుళ్లో చోటు దొరికింది ఆ పాఠం వల్లే. ఆ ఆదివారం కూడా స్కిట్టు పెట్టుకుని ఉంటే ఆ పాఠం చదివేవాళ్లమే కాదు.

పిల్లల ఉత్సాహాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ నాలుగు ఆదివారాల ఆరాధన మాత్రం వదులుకోవద్దు.

మియాపూర్_యూత్

మాస్టారు గారూ, వందనాలు. మీరు చెప్పిన ఆ ఇళ్ల గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు, నిజంగా కదిలించారు. అయినా సెమీ క్రిస్మస్ తరఫున మాట్లాడతాను, ఎందుకంటే మా దగ్గర అది ఏం చేస్తుందో చూశాను.

మా సంఘంలో సెమీ క్రిస్మస్‌కి వచ్చేవాళ్లలో సగానికి పైగా క్రైస్తవులు కారు. మా ఆఫీసు ఫ్రెండ్స్, పక్క ఫ్లాట్ ఆంటీ, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం, ట్యూషన్ పిల్లలు, వాళ్ల అమ్మలు. 25న వీళ్లను పిలవలేం, ఆ రోజు ఆరాధన పొడుగు, ప్రభు భోజనం ఉంటుంది, తెలియని మనిషికి ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తోచదు. సెమీ క్రిస్మస్‌కి అయితే కుర్చీ వేసి కూర్చోబెట్టి, పిల్లల ప్రోగ్రాం చూపించి, కేక్ ఇచ్చి, బిర్యానీ పెట్టి పంపిస్తాం. హైదరాబాదులో డిసెంబరంటే ఇది అందరి పండగలా తయారైంది, రంజాన్‌కి మేం హలీం తినడానికి వెళ్లినట్టే వాళ్లూ మా దగ్గరికొస్తారు. ఇంత మంచి తలుపును ఎందుకు మూసుకోవాలి?

మేం చేసింది ఏంటంటే, ప్రోగ్రాంని గుళ్లోంచి బయటికి తెచ్చాం. కాంపౌండులో పందిరి, స్టేజి, లైట్లు అన్నీ అక్కడే. లోపల బల్ల మీద ఊదా గుడ్డ అలాగే ఉంది, చక్రం మీద ఆ వారం దాకా వెలిగిన కొవ్వొత్తులు అలాగే ఉన్నాయి. ఎవరైనా లోపలికి తొంగిచూసి ఇదేంటి అని అడిగితే చెప్పడానికి ఇద్దరు పిల్లల్ని గుమ్మం దగ్గర పెట్టాం, వాళ్లు భలే చెప్పారు. అలాగే తేదీ మార్చండి అన్నా. 6 మరీ ముందు, రెండో ఆదివారం కూడా కాకముందే. 20 శనివారం పెడితే ఊళ్లకు వెళ్లేవాళ్లు కూడా ఉంటారు, క్రిస్మస్ కూడా దగ్గర పడుతుంది. టెంటు హౌస్ వాళ్లు తేదీ మారిస్తే ఏమీ అనరు, కాకపోతే ఇప్పుడే ఫోన్ చేయాలి, డిసెంబరు శనివారాలు వాళ్లకి ఖాళీ ఉండవు.

బోయిన్‌పల్లి_క్వాయర్

నేను క్వాయర్ చూస్తాను కాబట్టి పాటల వరకే మాట్లాడతాను.

"క్రిస్మస్ పాటలు వద్దు" అని చెప్తే క్వాయర్ పిల్లలకు శిక్షలా వినపడుతుంది, ఆ మాటే వాడొద్దు. దాని బదులు ఒక పని చేయండి. మన ఆరాధన క్రమంలో పాపపు ఒప్పుకోలు, క్షమాపణ అయ్యాక మహిమ స్తోత్రం ఉంటుంది కదా, సర్వోన్నతమైన స్థలములలో దేవునికి మహిమ అని మొదలయ్యేది. లూథరన్ ఆరాధన సంప్రదాయంలో ఆగమన కాలం నాలుగు ఆదివారాలూ దాన్ని పాడరు. ఎందుకంటే అది లూకా 2వ అధ్యాయంలో దూతలు గొర్రెల కాపరులకు పాడి వినిపించిన పాట, ఆ రాత్రి వచ్చేదాకా దాన్ని ఆపి ఉంచుతారు. మా దగ్గర ఇది మొదలుపెట్టిన ఏడాది మొదటి ఆదివారం అందరూ అలవాటుగా నోరు తెరిచి ఆగిపోయారు, పక్కనవాళ్లను చూశారు. నాలుగో ఆదివారానికి ఆ ఖాళీ అందరికీ తెలిసిపోయింది. 24 సాయంత్రం దాన్ని కీబోర్డు, తబలా, కంజీర అన్నిటితో ఎత్తుకుంటే, ఎప్పుడూ పెదాలు కదిపి ఊరుకునే మగవాళ్లు కూడా గొంతెత్తి పాడారు. పాట వద్దన్నందుకు కోప్పడిన మా కీబోర్డు అబ్బాయే మళ్లీ ఏడు "ఈసారీ ఆపుదాం కదా అక్కా" అని అడిగాడు.

ఆ నాలుగు వారాలూ ఏం పాడాలి అంటే కీర్తనల పుస్తకంలో ప్రభువు రాకడ గురించిన కీర్తనలు ఉన్నాయి, మనవాళ్లు వాటిని ఎక్కువగా సమాధి దగ్గరే పాడుతున్నారు. మొదటి ఆదివారం పాఠం మెలకువగా ఉండమని చెప్పేది, మత్తయి 24, దానికి అవే సరిపోతాయి. రెండు, మూడు ఆదివారాలు బాప్తిస్మమిచ్చు యోహానువి కాబట్టి పశ్చాత్తాప కీర్తనలు. నాలుగో వారం మరియ పాడిన స్తోత్రాన్ని, లూకా 1లోది, స్త్రీలు ఒక వచనం పురుషులు ఒక వచనం చదివేలా పెట్టండి. ఈ ఏడు నాలుగో ఆదివారం సువార్త పాఠం యోసేపు కలది అయినా సరే, కీర్తన స్థానంలో మరియ స్తోత్రం పెట్టుకోవచ్చు. బలవంతులను సింహాసనాల మీదనుంచి దించాడు, ఆకలిగొన్నవాళ్లను తృప్తిపరిచాడు అని ఓ పల్లెటూరి పిల్ల పాడటం మన స్త్రీల నోట వింటే వేరేగా ఉంటుంది.

ప్రాక్టీసు మాత్రం క్రిస్మస్ పాటలదే చేసుకోండి, నవంబరు నుంచీ. ఆగమన కాలంలో వద్దన్నది ఆరాధనలో, ప్రాక్టీసులో కాదు. లేకపోతే 24న అందరూ శ్రుతి తప్పుతారు.

స్త్రీల_సమాజం_అక్క

తమ్ముడూ, వందనాలు. చక్రం ఎలా చేయాలో ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. కొన్నది వద్దు, ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ ఆకులవి వస్తాయి కానీ పిల్లలకు దాని మీద ప్రేమ ఉండదు. పాత సైకిల్ రిమ్ము ఒకటి సంపాదించండి, రిపేరు షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. పుల్లలు తీసేస్తే రిమ్ముకి వరసగా చిల్లులు ఉంటాయి, వాటిలోంచి సన్నటి బైండింగ్ వైరు దూర్చి కొమ్మలు గుత్తులు గుత్తులుగా కట్టుకుంటూ పోవాలి. ఒక గుత్తి కాడను తర్వాతి గుత్తి ఆకులు కప్పేలా, అన్నీ ఒకే వైపుకు వాలేలా కట్టండి, అప్పుడే వైరు కనపడదు. కొమ్మలకు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి తెల్లవారుజామునే వెళ్లండి, డెకరేషన్ వాళ్లు కొనే ఆకు అక్కడ కట్టలు కట్టలుగా దొరుకుతుంది. తుజా దొరికితే అదే తీసుకోండి, వారందాకా పచ్చగా ఉంటుంది. మామిడాకు, అశోక ఆకు మూడో రోజుకే వంకర తిరిగిపోతాయి. ప్రతి శనివారం ఎండిన గుత్తులు విప్పి కొత్తవి కట్టాలి, ఆ పని సండే స్కూల్ పిల్లలకు ఇవ్వండి.

కొవ్వొత్తులు మూడు ఊదా, ఒకటి గులాబీ రంగు. గులాబీది మూడో ఆదివారం, ఆనందం వారం. కొందరు నాలుగూ ఊదావో, నీలమో పెడతారు, అదీ పద్ధతే. మధ్యలో పెద్ద తెల్ల కొవ్వొత్తి 24న వెలిగించేది. లావుపాటివి తీసుకోండి, సన్నవి పాఠం చదివేలోపే కరిగి కారిపోతాయి. మొదటి వారం కొవ్వొత్తి నాలుగు ఆదివారాలు వెలగాలి కదా, ఆరాధన అవగానే ఆర్పేయాలి.

వస్త్రానికి సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఊదా గుడ్డ తీసుకుని మేమే కుట్టుకున్నాం. బల్లకు ఒకటి, పులిపీఠానికి (ప్రసంగ వేదికకు) ఒకటి, అయ్యగారికి మెడలో వేసుకునే స్టోల్. అంచుకు బంగారు లేసు వేద్దామని కొందరన్నారు, పాస్టరు అమ్మగారు వద్దన్నారు, ఈ కాలానికి సాదాగానే బాగుంటుందని. 24 మధ్యాహ్నం ఊదా తీసి తెల్లది పరిచేటప్పుడు పిల్లల్ని పిలవండి, నాలుగు మూలలూ నలుగురు పట్టుకుంటారు.

ఇప్పుడు మాస్టారు గారు చెప్పిన పండగ లేని ఇళ్ల గురించి. మా స్త్రీల సమాజం చేసే పని ఇదే. నవంబరు ఆఖర్లో సంఘం రిజిస్టరు తీసి, ఆ ఏడాది ఎవరింట్లో ఎవరు పోయారు, ఎవరు మంచం పట్టారు, ఎవరు గుడికి రావడం తగ్గించారు అని ఒక కాగితం మీద రాసుకుంటాం. నాలుగు వారాలకు పంచుకుని ముగ్గురేసి చొప్పున వెళ్తాం. డ్రమ్సు ఉండవు, శాంటా ఉండడు. ఒక కీర్తన నెమ్మదిగా, ఆ వారం పాఠం, ప్రార్థన. ఇంటివాళ్లు మాట్లాడితే వింటాం, ఏడిస్తే పక్కన కూర్చుంటాం. చేత్తో ఏదైనా వండి తీసుకెళ్తాం, పండగ వంట కాదు, పులిహోరో, చికెన్ కూరో. క్రితం ఏడాది కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి నాలుగో వారం తనే మాతో ఇంకో ఇంటికి బయల్దేరింది. మీ యూత్‌లో ఆడపిల్లల్ని కూడా కలుపుకోండి, ఇలాంటి చోట ఎలా కూర్చోవాలో చూసి నేర్చుకోవాల్సిందే, చెప్తే రాదు.

ఉప్పల్_కేరల్స్_బృందం

కేరల్ రౌండ్స్, అంటే ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడటం గురించి నాలుగు మాటలు, ఎందుకంటే డిసెంబరులో గొడవలన్నీ వీటి దగ్గరే వస్తాయి.

ఇంతకుముందు మేమూ ఒకటో తారీఖునుంచే తిరిగేవాళ్లం. ఇప్పుడు 17 తర్వాతే, అది కూడా ఏరియాలవారీగా. ఒక రాత్రి ఉప్పల్, హబ్సిగూడ, ఒక రాత్రి నాచారం, మల్లాపూర్, అలా. డీసీఎం మాట్లాడుకుంటాం, అందరూ బైకుల మీద వస్తే సగం మంది దారి తప్పుతారు, ఆడపిల్లల్ని అర్ధరాత్రి ఇళ్లకు చేర్చడమూ కష్టం. గేటెడ్ కమ్యూనిటీల్లో ఉండేవాళ్లకు రెండు రోజుల ముందే ఫోన్ చేసి ఎంతమంది వస్తున్నామో చెప్పాలి, వాళ్లు అసోసియేషన్‌కి చెప్పి, గేటు దగ్గర యాప్‌లో అప్రూవల్ పెట్టించాలి. లేకపోతే పాతికమందిమి గిటారు, డ్రమ్ము పట్టుకుని సెక్యూరిటీ దగ్గర అరగంట నిలబడాలి. ఒక చోట మాకు అదే అయింది, ఆ రాత్రి చివరి మూడిళ్లు వదిలేయాల్సి వచ్చింది, ఆ మూడిళ్లవాళ్లూ కేక్ కోసి పెట్టుకుని కూర్చున్నారు.

స్పీకరు తీసుకెళ్లొద్దు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. అదలా ఉంచినా, పక్క ఫ్లాట్‌లో పసిబిడ్డ ఉంటుంది, పొద్దున షిఫ్టుకు వెళ్లే మనిషి ఉంటాడు. గొంతులు, ఒక గిటారు, ఒక కంజీర చాలు. ఫ్లాట్ హాల్లో పాతికమంది గొంతెత్తితే అదే పెద్ద సౌండు.

పండగ లేని ఇళ్లకు మేం కేరల్స్‌కి వెళ్లేవాళ్లం కాదు, బాధ పెట్టినట్టవుతుందని. అక్క చెప్పింది చదివాక అనిపిస్తోంది, అలా దాటేసి వెళ్లిపోతే వాళ్లకు ఇంకా ఎక్కువ బాధేమో. వీధి చివర మన పాట వినపడుతూనే ఉంటుంది కదా, వాళ్ల గుమ్మం ముందు మాత్రం ఆగలేదని తెలుస్తుంది. ఈసారి ముందే అడుగుతాం.

కేరల్ కానుకల కవర్లు ఏ రాత్రికారాత్రి ఇద్దరు లెక్కపెట్టి సంతకం పెట్టాలి, ట్రెజరర్‌కి అప్పజెప్పాలి. మేం ఆ డబ్బుతో దుప్పట్లు కొని సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల పేవ్‌మెంట్ మీద పడుకునేవాళ్లకు కప్పి వస్తున్నాం. ఎంత వచ్చింది, ఎన్ని కొన్నాం అని తర్వాతి ఆదివారం ప్రకటనల్లో చదువుతాం.

రిటైర్డ్_మాస్టారు

ఒక్క మాట మర్చిపోయారు మీరంతా. క్రిస్మస్ 25తో అయిపోదు. 25న మొదలై జనవరి 6 ప్రత్యక్షత పండగ దాకా పన్నెండు రోజులు నడుస్తుంది, అన్నాళ్లూ బల్ల మీద తెలుపే. తెలంగాణలో 26 కూడా సెలవే. ఊళ్లకు వెళ్లినవాళ్లు 27, 28కల్లా చాలామంది తిరిగొస్తారు. 28 ఆదివారం గానీ, జనవరి 4 గానీ సంఘమంతా కలిసి పాటల ఆరాధన పెట్టుకుని భోజనాలు చేస్తే, క్రిస్మస్‌కి అందరం కలవలేదన్న దిగులు తీరుతుంది. డిసెంబరు ఆరంభంలోనే అన్నీ పాడేసి 26న స్టార్లు దించేయడం నాకు బాధగా ఉంటుంది.

మియాపూర్_యూత్

మాస్టారు గారూ, 31 రాత్రి ఆరాధన, వాగ్దానం కార్డులు, ఒకటిన మళ్లీ ఆరాధన, ఆ వారం క్వాయర్‌కీ అమ్మగారికీ ఊపిరి ఆడదు. 28 కన్నా జనవరి 4 నయం.

మల్కాజిగిరి_వాసి

అందరికీ చాలా థ్యాంక్స్. ఇదంతా ప్రింట్ తీసి కమిటీకి పట్టుకెళ్లాను, మాస్టారు గారి మాటలు అయ్యగారే స్వయంగా చదివి వినిపించారు. పండగ లేని ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరూ ఏమీ మాట్లాడలేదు, మా సంఘంలో ఈ ఏడాది అలాంటి ఇళ్లు నాలుగున్నాయి. చివరికి అనుకున్నది ఇది. నాలుగు ఆదివారాలూ అయ్యగారు చెప్పినట్టే. మహిమ స్తోత్రం 24 దాకా ఆపుతాం, ఇది క్వాయర్ వాళ్లకే బాగా నచ్చింది. సెమీ క్రిస్మస్ 20 శనివారం, కాంపౌండులో, టెంటు హౌస్ అబ్బాయి ఒప్పుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి చక్రం గురించి చెప్పే పని, ఫ్రెండ్స్‌ని ఏమని పిలవను అని అడిగిన ఆ అమ్మాయే తీసుకుంది. జనవరి 4న పాటల ఆరాధన, భోజనాలు. అక్కా, స్త్రీల సమాజం వాళ్లు రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నారు, యూత్ నుంచి ముగ్గురు ఆడపిల్లలు పేర్లిచ్చారు.

ఒక్క సందేహం మిగిలింది. మా గుళ్లో బల్ల సరిగ్గా ఫ్యాను కింద ఉంటుంది, కిటికీలు కూడా అటే. కొవ్వొత్తులు నిలుస్తాయా? కొమ్మలు అంటుకుంటాయేమోనని ఒకరిద్దరు భయపడుతున్నారు.

స్త్రీల_సమాజం_అక్క

చక్రాన్ని బల్ల మీద పెట్టొద్దు తమ్ముడూ, పక్కన ఎడమవైపు వేరే స్టాండు మీద పెట్టండి, బాప్తిస్మపు తొట్టి ఉంటే దాని దగ్గర. డిసెంబరులో ఆ ఒక్క ఫ్యాను ఆపితే ఎవరికీ ఉక్కపోయదు. కొవ్వొత్తుల్ని కొమ్మల్లో గుచ్చకండి, స్టీలు గిన్నెల్లో ఇసుక పోసి అందులో నిలబెట్టి, గిన్నె అంచు కొమ్మలకన్నా పైకి ఉండేలా చూడండి, గాజు చిమ్నీలు దొరికితే ఇంకా మంచిది. పక్కన ఒక బకెట్ నీళ్లు, ఒక పెద్దమనిషి. మేం 29 శనివారం పొద్దున అయిదింటికి గుడిమల్కాపూర్ వెళ్తున్నాం, మీకూ ఆకు కావాలంటే రెండు కట్టలు ఎక్కువ తీసుకుంటాం, శుక్రవారం సాయంత్రంలోపు చెప్పండి.